చాయ్ బల్ల థియరీలు, వామన్‌రావు బొటనవేలు

శాస్త్రవేత్తలంత సోమరులు లోకంలో ఉండరు! ఒక్క థియరీ చెప్పడానికి ముప్పయ్యేళ్లు తీసుకుంటారు. కొలుస్తారు, తూస్తారు, తప్పని తేలితే సిగ్గు లేకుండా దిద్దుకుంటారు. మరి మేమో? నాంపల్లి స్టేషన్ దగ్గరి హోటల్లో, సాసర్లో పోసిన చాయ్ చల్లారేలోపు నాలుగు థియరీలు తేల్చేస్తాం. దిద్దుకోవడం మా వంశాల్లోనే లేదు!

అతిశయోక్తి అనుకుంటున్నారా? వీధిబడిలో ఎక్కాలు తప్ప ఏమీ అంటని నేనొక్కణ్ణే పూటకు పుట్టించే థియరీలను బస్తాలకెత్తితే, నాంపల్లి నుంచి ఓ గూడ్సుబండి అదనంగా వేయాలి.

మా బల్లకో చట్టం ఉంది. "నాకు తెలియదు" అన్నవాడు అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తినిపించాలి. ఇరవయ్యేళ్లలో ఒక్కడూ తినిపించలేదు!

మొన్నామధ్య ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుతూ మా వామన్‌రావు కాలి బొటనవేలు రాయికి కొట్టుకున్నాడు. మనిషికి షుగర్. పుండు పడింది. బల్ల అత్యవసరంగా సమావేశమైంది. కొత్త చెప్పుల వేడి అన్నాడు రాజనర్సు. నేను ఊరుకుంటానా? "కాఫీ పొడి అద్దవయ్యా, పుండు ఊపిరాడక చస్తుంది!" అన్నాను. ఏకగ్రీవంగా ఆమోదించారు.

మూడు వారాలు అద్దాడు. వేలు నల్లబడింది. మైక్రోబయాలజీ చదివే అతని మనుమరాలు స్నేహ హోటల్‌కే వచ్చేసింది.

"దవాఖానకు నడువు తాతా. పుండ్ల క్రిములు చేరినయి. రోగాలు క్రిములతోని వస్తయని జర్మ్ థియరీ ఉన్నది."

"థియరీయేనా? పక్కా అయినంక చెప్పు బిడ్డా!" అన్నాడు వామన్‌రావు.

బల్లంతా గొల్లుమంది.

"సైన్స్‌ల థియరీ అంటే ఎన్నో పరీక్షలకు నిలబడ్డది తాతా. మీది ఒట్టి అందాజ!"

"మా అందాజ ఎన్నడన్న తప్పిందా, జర చెప్పు?" అన్నాడు రాజనర్సు.

నిజమే, ఎన్నడూ తప్పలేదు. పరీక్షిస్తే కదా తప్పడానికి!

స్నేహ తాతను చెయ్యి పట్టి ఆటో ఎక్కించింది. డాక్టర్లు కాలు దక్కించారు. బొటనవేలు దక్కలేదు.

ఆస్పత్రికి చూడ్డానికి వెళ్లాను. మంచం మీద కట్టుకట్టిన కాలు ఆడిస్తూ వామన్‌రావు నవ్వాడు. "అమరేశ్వర్‌రావ్ సాబ్, వేలు ఎందుకు పోయిందంటరు? మీ థియరీ ఏంది?"

పాఠక మహాశయులారా, అతనికి చెప్పనిది మీకు చెప్తాను.

అతను కాఫీ పొడి అద్దుకుంటున్న రోజుల్లోనే నా అరికాల్లో తుప్పు మేకు దిగింది. బల్ల దగ్గర ఒక్క మాటైనా అనకుండా, బషీర్‌బాగ్ దాకా కుంటుకుంటూ పోయి ఇంజెక్షన్ వేయించుకొచ్చాను.