నిమ్మరసం బయటపెట్టిన వాల్వు

ఫ్రిజ్‌లోంచి సీసా తీసుకుని, ఎనిమిదిన్నర బస్సెక్కి, పటాన్‌చెరులో సైన్స్ మేళాకు చేరుకోవాలని నిషిత అనుకుంది. సీసాలో ఉన్నది నిమ్మరసం, బెల్లం. తల్లి ఇంట్లో లేని పూట కట్టెల పొయ్యి మీద కుక్కర్లో మూడు గంటలు ఉడికించి వడకడితే, కంటికి కనబడనంత సన్నని బొగ్గు నలుసులు అందులో మిగిలాయి. దొంగనోట్లు పట్టే టార్చి వేస్తే అవి నీలంగా వెలుగుతాయి. పదో తరగతికొచ్చినా నలుగురిలో నోరు విప్పని నిషిత, మేళాలో తన బదులు ఆ సీసాయే మాట్లాడుతుందని నమ్ముకుంది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆమె జడ వేసుకుంటుండగా తల్లి చంద్రకళ ఫ్రిజ్ తెరిచి, సీసాలో గోధుమరంగు నీళ్లు చూసింది. ఫ్యాక్టరీల నడుమ ఉన్న కాజీపల్లిలో నీళ్లు ఆ రంగులో కనిపిస్తే ఎవరూ నిమ్మకాయను అనుమానించరు.

"తమ్మీ, జల్దీ రా! బోరు నీళ్లు మళ్ల ఖరాబైనయ్!" అని వాకిట్లోకొస్తున్న తమ్ముణ్ని కేకేసింది.

నిషిత అడిగిందని తన కిరాణా దుకాణంలోని దొంగనోట్ల టార్చి పట్టుకుని మేనమామ బాలరాజ్ అప్పుడే గడప తొక్కాడు. దాన్ని సీసా మీదికి తిప్పాడు. నీలం.

"అక్కా, గిది మామూలు కెమికల్ గాదు. లోపల కరెంటున్నది!"

"మామా, గది నాది..." అంది నిషిత.

"నీదొక్కదానిదేంది బిడ్డా, ఊరందరిది! నడువు!"

అరగంటలో ముప్పై మంది పక్కనున్న ఫ్యాక్టరీ గేటు ముందు చేరారు. "సీసా, సీసా" అంటూ నిషిత వెంటపడింది. అది నినాదమనుకుని వెనకవాళ్లు అందుకున్నారు.

మేనేజర్ ప్రహ్లాద్ బయటికొచ్చాడు. ఎండలో వెలుగు కనబడదని బాలరాజ్ ఆయన నెత్తి మీద తువ్వాల కప్పి, సీసాను దాని కిందికి దూర్చి టార్చి వేశాడు.

తువ్వాల కిందినుంచి సన్నని గొంతు వచ్చింది. "నిన్న వాల్వు పది నిమిషాలే తెరిచినం అన్నా. ఇగ తెరవం."

"ఏ వాల్వు?" అన్నాడు బాలరాజ్.

ప్రహ్లాద్ తువ్వాల తీయకుండానే గేటు వైపు వెనక్కి నడిచాడు.

కాలుష్య నియంత్రణ అధికారులొచ్చి, ఫ్యాక్టరీ మురికినీళ్లు బయటికి వదిలే ఆ వాల్వుకు సీలు వేశారు. సాక్ష్యం కాబట్టి సీసాకూ వేశారు.

"సార్, అది నిమ్మరసం..." అంది నిషిత.

"భయపడకు బిడ్డా, నిన్నెవరూ ఏమనరు" అని ఒకాయన ఆమె చేతిలో రసీదు పెట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి మేళాలో నిషిత బల్ల మీద ఆ రసీదు ఒక్కటే ఉంది. జడ్జి ఆగాడు.

"సీసా ఏదమ్మా?"

"సీల్ వేసిన్రు సార్."

"పోనీ, దాంతో ఏం ఉపయోగం?"

తన బదులు మాట్లాడేందుకు ఇక ఎవరూ లేరు. నిషిత గొంతు సవరించుకుంది.

"కాలుష్యం ఎవరు చేసిన్రో తెలుస్తది సార్."

"ఎట్లా?"

"సీసా చూపిస్తే వాళ్లే చెప్తరు."

పరికరాల ఖర్చు బాగా తక్కువని జడ్జి ప్రత్యేకంగా రాసుకున్నాడు.