చెయ్యి చాలని చూపు

ఆ రోజు ఆవిడ చేయాల్సిన పనులు ఇవి. నీళ్ల ట్యాంకు నింపాలి. ఆయన క్యారేజీ, కొడుకు క్యారేజీ తారుమారు కాకుండా సర్దాలి. అత్తగారి మోకాళ్ల నొప్పుల మాత్రలు తేవాలి. గ్యాసు బుక్ చేయాలి. మధ్యాహ్నం భోజన విరామంలో, ఎవరి కంటా పడకుండా, కళ్లజోళ్ల షాపుకు వెళ్లి రావాలి.

చివరి పని ఆర్నెల్లుగా మర్నాటికి జరుగుతూనే ఉంది.

ఆవిడ ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. తలకట్టు జారినా, ఒత్తు ఎగిరిపోయినా ఇట్టే పట్టేస్తుందని అందరూ 'ఒత్తులావిడ' అంటారు. ఆవిడ పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆవిడే. ఆ చదువు తెచ్చిన ఉద్యోగం మొత్తం రెండు కళ్ల మీద ఆధారపడి ఉంది. ఇప్పుడా కళ్లకు చత్వారం వచ్చింది. ప్రూఫును ముఖానికి దూరంగా జరిపి చదవడం మొదలుపెట్టింది. జరిపి జరిపి, ఇప్పుడు చెయ్యి పొడుగు చాలడం లేదు.

పోనీ చెప్పేద్దామంటే, ఆవిడకు ముందు ప్రూఫులు చూసిన పెద్దాయన కళ్లజోడు పెట్టుకొచ్చిన వారంలోనే యజమాని ఆయన్ని పుస్తకాలకు జిగురు రాసే బైండింగు సెక్షనుకు పంపేశాడు. "అక్కడైతే కళ్లకు శ్రమ ఉండదు" అన్నాడు. ఈమధ్య ఒత్తులావిడకు జిగురు డబ్బా కలలోకి వస్తోంది.

"ఆంటీ, మీకు ఫోను!" అని కంపోజింగు అమ్మాయి కేకేసింది. పోయినేడు దాకా ఆ పిల్ల 'అక్కా' అనేది. ఎప్పుడు మారిందో తెలియదు. అడిగితే ఒప్పుకున్నట్టవుతుందని ఒత్తులావిడ అడగలేదు.

ఫోనులో బాలికల స్కూలు హెడ్‌మిస్ట్రెస్. నెలాఖరుకు రిటైరవుతోంది. 'వీడ్కోలు' అంటే ఏడుపుగా ఉంటుందని, 'సంతోష సభ' అని వేయమని తనే అడిగి ఆహ్వాన పత్రాలు అచ్చు వేయించుకుంది. నిన్ననే అందరికీ పంచారు.

"ఏమ్మా, నేనెప్పుడు పోయాను?"

"ఎక్కడికండీ?"

"అదే నేనూ అడుగుతున్నా! పొద్దున్నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే నన్ను చూసి గుమ్మంలో కొయ్యబారిపోతున్నారు. మా పాత లెక్కల మాస్టారైతే నా చేతులు పట్టుకుని, 'మీ అక్కగారు దేవతండీ' అని ఒకటే ఏడుపు. 'అది నేనేనండీ' అంటే, 'నిజమే, అచ్చం అలాగే ఉన్నారు' అంటాడు! పూలచక్రం వస్తే సంతకం పెట్టి నేనే తీసుకున్నా. ఇప్పుడు పింఛను ఆఫీసువాళ్లు ఫైలు ఆపేశారట, బతికున్నట్టు రుజువు తెమ్మంటున్నారు. కార్డు చూస్తే శుభ్రంగా ఉంది. జనానికే మతిపోయింది!"

"మీరు కంగారు పడకండి" అని ఒత్తులావిడ కార్డు తీసి చెయ్యి చాచి చూసింది. సంతోష సభ. బాగానే ఉంది. అయినా ఎందుకో నమ్మకం కుదరలేదు. "ఇలా రా, ఇది చదువు" అంది కంపోజింగు అమ్మాయితో.

"సంతా... అయ్యో! 'సంతాప సభ' అని ఉందాంటీ!"

"ఏంటీ?"

"గడియారాల రిపేరు తాతగారి కార్డుంది కదా, మొన్న ఆయన పోయినప్పుడు వేసింది. దాని మీదే ఇది కంపోజ్ చేశా. అన్నీ మార్చా, పై మాట ఉండిపోయింది. మీరు చూస్తారు కదా అని..."

'ప' పొట్టలో ఒక్క గీత పడితే 'ష'. తా నెత్తిన చిన్న మెలిక తిరిగితే తో. కంపోజింగుకు కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ తను నేర్పే తేడా ఇది. ఒత్తులావిడకు జిగురు వాసన కొట్టినట్టయింది.

ఇంతలో వాకిట్లో ఆటో ఆగింది. చంకలో పూలచక్రంతో హెడ్‌మిస్ట్రెస్ దిగి, "ఆటో అబ్బాయి చదివి చెప్పాడు, అది 'సంతాప సభ'ట!" అని అరిచింది. గొడవ విని యజమాని గదిలోంచి ఊడిపడ్డాడు.

"ప్రూఫు చూసిందెవరు?"

"నేనేనండీ" అంది ఒత్తులావిడ. ఇక దాచి లాభం లేదు. "నాకు ఈమధ్య..."

"మీ సంజాయిషీ తర్వాత! ముందా కార్డిలా ఇవ్వండి!" యజమాని లాక్కుని చెయ్యి బారెడు చాచాడు. తల వెనక్కి వంచాడు. కనుబొమలు ముడిచాడు. "ఏదీ తప్పు? 'సంతోష సభ' అని చక్కగా ఉంటేనూ!"

కటింగు మిషను దగ్గరున్నవాళ్లు కూడా పని ఆపేశారు.

"మీకూనా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"అబ్బే, నాకేం లేదు మేడమ్. ఈ ట్యూబులైటు సరిగ్గా వెలగడం లేదు."

"ఆర్నెల్లుగా నేనూ ఆ ట్యూబులైటునే తిడుతున్నానండీ" అంది ఒత్తులావిడ.

హెడ్‌మిస్ట్రెస్ పూలచక్రం బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడింది. "బోర్డు కనబడకపోతే సిగ్గుపడకుండా చెప్పండర్రా అని ఉద్యోగమంతా పిల్లలకు చెప్పాను. నిన్న నా కార్డు నేనే చదివి 'అద్భుతం' అన్నాను!"

"జుట్టుకైతే రంగేస్తాం. మోకాలు నొప్పంటే కూర్చుంటాం" అంది ఒత్తులావిడ విసుగ్గా. "అక్షరం ముందు ఏం దాస్తామండీ?"

యజమాని గొంతు సవరించుకున్నాడు. "అది సరేనమ్మా. బైండింగులో అయితే కళ్లకు శ్రమ..."

"పంపితే ఇద్దరం వెళ్దామండీ. జిగురు డబ్బా పెద్దదే."

ఆయన కార్డు జేబులో పెట్టుకుని ఆటోవాణ్ణి ఆగమన్నాడు. ముగ్గురూ ఆ ఆటోలోనే కళ్లజోళ్ల షాపుకు వెళ్లారు. వెనక్కి వచ్చేటప్పటికి ఒత్తులావిడ ముక్కు మీద ఎర్ర ఫ్రేము ఉంది. రాగానే కంపోజింగు అమ్మాయిని ఎగాదిగా చూసి, "నీకు అప్పుడే తెల్ల వెంట్రుక వచ్చిందే" అంది. ఆ పిల్ల సాయంత్రం దాకా 'అక్కా' అనే పిలిచింది.

అంతా సర్దుకుంది, ఒక్కటి తప్ప. వీళ్లు షాపులో ఉండగా, తప్పు దిద్దేయాలన్న కంగారులో ఆ అమ్మాయి కంప్యూటరులో కనిపించిన ప్రతి 'సంతాప'నూ 'సంతోష'గా దిద్దేసింది. గడియారాల తాతగారి ఇంటివాళ్లు అదనంగా అడిగిన కార్డులు అలాగే అచ్చయి, ఆ పూటే వెళ్లిపోయాయి.

బతికినన్నాళ్లూ కంటికి భూతద్దం బిగించుకుని, అందుకు ఏనాడూ నామోషీ పడని ఆ పెద్దాయన్ని మీరైనా ఒక్కసారి తలుచుకోండి. ఆయన సభకు వచ్చినవాళ్లలో సగం మంది చప్పట్లు కొట్టి వెళ్లారు.