వంకాయ తిన్నవారికి సముద్రం లేదు

సముద్రం ప్రజలందరిదీ అని పోర్తోసాల్వో పురపాలక సంఘం తొమ్మిదేళ్లు ఆలోచించి ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానించిన మర్నాడే దానికి గేటు పెట్టింది.

ఆ తొమ్మిదేళ్లూ నగరతీరం మరమ్మతుల్లో ఉంది. కొత్త ఇసుక పోశారు. పాత ఇసుక ఏం తప్పు చేసిందో ఎవరూ చెప్పలేదు. బెంచీలు వేసి, వాటి మీద కూర్చోరాదని బోర్డులు తగిలించారు. (సముద్రాన్ని మాత్రం పాతదే ఉంచారు. నిధులు చాలలేదట.)

డెబ్బై ఎనిమిదేళ్ల ఎర్సీలియాకి ఇవేవీ అక్కర్లేదు. ఆవిడకి కావలసింది ఒక్క మునక. ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి వేసవీ ఆ నీళ్లలోనే గడిపిన మనిషి, ఈ తొమ్మిదేళ్లూ బాల్కనీలో బేసిన్ పెట్టుకుని, ఉప్పు కలుపుకుని, అందులో కాళ్లు ముంచుకుని కూర్చుంది. ఇంకెన్ని వేసవులు మిగిలాయో అని దిగులుపడే వయసు. పాపం, ఆవిడ తొందరలో అన్యాయమేమీ లేదు. పదకొండు రోజులు ఫోన్‌తో కుస్తీ పట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పురపాలక సంఘం యాప్‌లో ప్రవేశం సంపాదించింది.

గేటు దగ్గర జీర్ణవ్యవహారాల అధికారి ఒనోఫ్రియో కూర్చుని ఉన్నాడు.

"మధ్యాహ్నం ఏం తిన్నారమ్మగారూ?"

ఏమీ తినలేదంటే సరిపోయేదేమో. కానీ వంట చేతనైన మనిషి ఆదివారం పూట ఆ మాట ఎలా అంటుంది?

"వంకాయ ముక్కలు నూనెలో వేయించి, టమాటా గుజ్జూ చీజూ పొరలు పొరలుగా వేసి ఓవెన్‌లో పెట్టా. ఒంటిగంటకి కూర్చుని రెండోసారి కూడా వడ్డించుకున్నా," అంది ఎర్సీలియా, నలుగురికీ వినపడేలా.

"వేయించే ముందు ఉప్పులో ఊరబెట్టావా?" అని అడిగింది క్యూలో వెనకున్న మఫాల్దా.

"ఊరబెట్టకుండా ఎవరైనా చేస్తారా?"

ఏం తింటే ఎంతసేపు ఆగి నీళ్లలో దిగాలో రాసిన పట్టికని ఒనోఫ్రియో తిరగేశాడు. పీచ్ పండుకి నలభై నిమిషాలు. వేయించిన వంకాయకి మూడు గంటల ఇరవై నిమిషాలు, మారు వడ్డనకి మరో అరగంట. ఒంటిగంటకి తిన్నారు కాబట్టి నాలుగూ యాభైకి నీళ్లలో దిగవచ్చు. ప్రవేశం నాలుగింటికే ముగుస్తుంది.

"నీకు ఈత నేర్పింది నేనురా, ఒనోఫ్రియో. నన్నే ఆపుతావా?"

"నేర్పారు. నేర్పే ముందు, తిన్నది అరగాలని మూడు గంటలు ఒడ్డున కూర్చోబెట్టారు. ఏడ్చినా వదల్లేదు."

ఆవిడ సాయం కోసం క్యూ వైపు తిరిగింది. పొద్దుట్నుంచీ గేటునీ యాప్‌నీ దుమ్మెత్తిపోస్తున్న జనం ఈ ఒక్క విషయంలో పురపాలక సంఘం పక్షాన నిలబడ్డారు.

"అరక్కుండా దిగితే ఇంకేమైనా ఉందా," అంది మఫాల్దా. "మా మేనమామ పుచ్చకాయ తిని దిగాడు. మళ్లీ పైకి రాలేదు."

ఎర్సీలియా మరో పదకొండు రోజులు కష్టపడి, ఉదయం ఎనిమిదింటికి ప్రవేశం తెచ్చుకుని, కాఫీ చుక్కయినా ముట్టకుండా వచ్చింది. డెబ్బై దాటినవారు ఖాళీ కడుపుతో నీళ్లలో దిగరాదని పద్నాలుగో నిబంధన. (కళ్లు తిరుగుతాయి.)

"ఏదైనా కాస్త తినండమ్మగారూ," అన్నాడు ఒనోఫ్రియో.

"తింటే?"

"తింటే ఆగాలి."

ఆవిడ గేటు బయట మడతకుర్చీ వేసుకుని కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఒనోఫ్రియోకి మనసొప్పలేదు. అటూ ఇటూ చూసి, బకెట్‌తో సముద్రపు నీళ్లు తెచ్చి, ఒక బేసిన్‌లో పోసి ఆవిడ కాళ్ల ముందు పెట్టాడు.

"కాళ్లకి అరుగుదలతో పనిలేదు. నిబంధనలన్నీ చదివే తెచ్చా."

ఆవిడ రోజూ వచ్చి కూర్చోసాగింది.

ఆ వేసవిలో పోర్తోసాల్వో తీరంలో ఒక్కరూ మునిగిపోలేదు, ఒక్కరికీ అజీర్తి చేయలేదు. అంత సురక్షితమైన తీరం చుట్టుపక్కల మరొకటి లేదని పురపాలక సంఘానికి బహుమతి వచ్చింది. ఆ సందర్భంగా అచ్చువేసిన కరపత్రం మీద ఒక ఫొటో ఉంది. ఖాళీ ఇసుక, దాని వెనక ఖాళీ సముద్రం, ఓ మూల గేటు బయట బేసిన్‌లో కాళ్లు పెట్టుకున్న ముసలావిడ. దాని కింద ఇలా రాశారు: సముద్రస్నానం చేస్తున్న స్థానికులు.