ఇనపబ్బాయిని అద్దం పిన్ని పట్టగలదా?

మా సమైక్య చలనచిత్ర అభిమానుల సమాఖ్య చీలిపోయిందని తెలియజేయడానికి విచారిస్తున్నాం. చీలికకు కారణం డబ్బు కాదు, పదవులు కాదు, పాత కక్షలు అసలే కాదు. అలాంటి చిల్లర విషయాలకు చీలిపోయే సంస్థ కాదు మాది. ప్రాణం లేని యంత్రానికి దెయ్యం పడుతుందా, పట్టదా అనే మౌలికమైన ప్రశ్న మీద చీలిపోయాం. నాగరికత ఎంత ముందుకు పోయిందో గమనించగలరు.

సమాఖ్య సమావేశాలు కళ్లద్దాల దుకాణం పైనున్న గదిలో జరిగేవి. ఆ దుకాణం నా భార్య అన్నదమ్ములది. అన్న, అంటే మా బావ, గోడమీది అక్షరాలు చదివించి కళ్లు పరీక్ష చేస్తాడు. తమ్ముడు, అంటే మా బావమరిది, ఆ కొలతల ప్రకారం అద్దాలు సానబట్టి ఫ్రేములో బిగిస్తాడు. అన్న రాయకపోతే తమ్ముడికి పని లేదు, తమ్ముడు సానబట్టకపోతే అన్న రాసింది వట్టి కాగితం. ఇంత చక్కటి ఏర్పాటు చెడగొట్టాలంటే మామూలు విషయం సరిపోదు కదా.

మా బావ సైన్స్ ఫిక్షన్ విభాగానికి అధ్యక్షుడు. ఆకాశంలో తిరిగే ఏ ఓడ ఏ ఇంధనంతో నడుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇంట్లో గ్యాస్ అయిపోయిన సంగతి మాత్రం ఆయనకు భార్య చెప్పాలి. మా బావమరిది దెయ్యాల విభాగం చూస్తాడు. ఎక్కడ తలుపు కిర్రుమన్నా అది ఏ సినిమాలోని కిర్రో గుర్తుపట్టగలడు. ఆ విద్య మరుగున పడకూడదని తన గది తలుపుకు నూనె వేయనివ్వడు. ఇక నీటి సరఫరా కార్యాలయంలో గుమాస్తానైన నేను హాస్య విభాగానికి అధ్యక్షుణ్ణి. గంభీర విభాగాలవారు కుర్చీల్లో కూర్చునేవారు. మాకు చాప వేసేవారు. నవ్వేవాడు ఎక్కడ కూర్చున్నా నవ్వుతాడని వాళ్ల ఉద్దేశం.

చాలాకాలం మా మధ్య చక్కటి సామరస్యం ఉండేది. ప్రతి విభాగం తన సినిమాల గొప్ప చెప్పుకునేది, మిగతా రెండు విభాగాలు వినేవి కావు. సామరస్యమంటే ఇంతకంటే ఏముంటుంది?

అప్పుడు ఆ ప్రకటన వెలువడింది. భాగాలు భాగాలుగా వస్తున్న మూడు సినిమా వరసల హక్కులూ ఒకే కంపెనీ కొనేసింది. మొదటి వరసలో నాయకుడు ఇనపబ్బాయి. లోహపు మనిషి, భూమిని కాపాడటం తప్ప వేరే వ్యాపకం లేనివాడు. రెండో వరసలో అద్దం పిన్ని. నిలువుటద్దంలో కాపురముంటూ, అందులో ముఖం చూసుకున్నవాళ్లను పట్టుకునే దెయ్యం. మూడో వరసలో తికమక పోస్ట్‌మాన్. పుట్టి బుద్ధెరిగి ఒక్క ఉత్తరమైనా సరైన ఇంట్లో ఇవ్వనివాడు. ఈ ముగ్గురినీ ఒకే సినిమాలో కలుపుతున్నామని, అందులో పిన్ని ఇనపబ్బాయిని ఎదుర్కొంటుందని కంపెనీవారు సెలవిచ్చారు.

ఆదివారం అత్యవసర సమావేశం పెట్టాం. మా బావ లేచి, గొంతు సవరించుకుని, ముందే రాసుకున్నది అప్పటికప్పుడు తోచినట్టు చెప్పాడు.

"సోదరులారా, ఆత్మ ఉన్నవాడికే దెయ్యం పడుతుంది. ఇనపబ్బాయి లోపల ఉన్నవి తీగలు. తీగలకు పట్టేది తుప్పు. పిన్ని కాదు. ఈ విషయంలో విజ్ఞానశాస్త్రానికి ఎలాంటి సందేహమూ లేదు."

విజ్ఞానశాస్త్రం తరఫున కుర్చీల్లో సగం చప్పట్లు కొట్టాయి. మా బావమరిది కూర్చున్నచోటు నుంచే మాట్లాడాడు. దెయ్యాలవాళ్లు లేచి మాట్లాడరు, అది వాళ్ల పద్ధతి.

"మనుషులున్న ఇంట్లో దూరడం తేలికా, ఖాళీ ఇంట్లో దూరడం తేలికా? మూడో భాగంలో పిన్ని కుట్టుమిషన్‌కి పట్టింది. అది వీధిలో అందరి మూతులూ కుట్టేసింది. దానికి ఆత్మ ఉందా అన్నయ్యా?"

"ఆ మూడో భాగం తీసినవాడికి బుర్ర లేదు. చూసినవాళ్ల సంగతి నేను మాట్లాడను."

మా బావమరిది ముఖం పాలిపోయింది. మూడో భాగాన్ని అతను తండ్రితో కలిసి చూశాడు. ఆయన హాల్లో చూసిన ఆఖరి సినిమా అదే. ఆ సంగతి అన్నకూ తెలుసు. మాట జారాక గుర్తొచ్చినట్టుంది, మా బావ చేతిలోని కాగితం మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు. కానీ అధ్యక్షుడి హోదాలో అన్న మాట వెనక్కి తీసుకునే నిబంధన మా సమాఖ్యలో లేదు.

"నాన్న పోయిన రోజు నువ్వు ఏడవను కూడా లేదు," అన్నాడు తమ్ముడు. "నీ లోపలా తీగలే."

పరిస్థితి తేలికపరచడానికి, మరి పోస్ట్‌మాన్ పాత్ర మాటేమిటని నేను చాప మీంచి అడిగాను. ఎవరూ వినలేదు. అది మామూలే.

మర్నాడు దుకాణం మధ్యలో చెక్క అడ్డుగోడ లేచింది. వడ్రంగి వచ్చి ఏ పక్క నునుపు చేయాలని అడిగితే, అన్నదమ్ములిద్దరూ ఎవరి పక్క వాళ్లు చూపించారట. అటుపైన వ్యవహారం ఇలా నడిచింది. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు ముందు అన్న తలుపులోంచి వెళ్లాలి. ఆయన చీటీ రాసిస్తాడు. చీటీ పట్టుకుని వీధిలోకి వచ్చి తమ్ముడి తలుపులోంచి మళ్లీ లోపలికి వెళ్లాలి. చూపు సరిగ్గా లేనివాళ్లు చాలామంది ఈ రెండు తలుపుల మధ్య పక్కనున్న బూట్ల దుకాణంలోకి వెళ్లి చీటీ ఇచ్చేవారు. ఏ విషయంలోనైనా సిద్ధాంతానికి కట్టుబడాలంటే ఎవరో ఒకరు కాస్త ఇబ్బంది పడాలి. సాధారణంగా అది సిద్ధాంతం లేనివాళ్లు పడతారు.

ఇంట్లో మాత్రం తోడికోడళ్లిద్దరూ ఎప్పటిలాగే ఒకే పొయ్యి దగ్గర మాట్లాడుకుంటూ వండుకునేవారు. సినిమా పరిజ్ఞానం లేకపోవడం వల్ల ఎందుకు విడిపోవాలో వాళ్లకు అర్థం కాలేదు. నా భార్య రోజూ పుట్టింటికి వెళ్లి అన్న చెప్పింది తమ్ముడికీ, తమ్ముడు చెప్పింది అన్నకూ, మధ్యలో తిట్లు తీసేసి చేరవేసేది. అలా తీసేశాక కొన్ని రోజుల్లో చేరవేయడానికి ఏమీ మిగిలేది కాదట.

ఈలోగా పెద్ద టీచరుగారు కళ్లు చూపించుకోవడానికి వచ్చారు. ఆవిడ అన్నదమ్ములిద్దరికీ అక్షరాలు దిద్దించినావిడ. ఇప్పుడు పని మానుకుని ఇంటిపట్టున ఉంటున్నారు. మా బావ పరీక్ష చేసి, ఎడమ కంటికి ఒకటి అని రాశాడు. ఆయన ఒకటికి పైన చిన్న టోపీ పెడతాడు. మా బావమరిదికి అది ఏడులా కనిపించింది. అనుమానం కూడా వచ్చింది. చిటికెన వేలితో చెక్క మీద తడితే తీరిపోయే అనుమానం. కానీ భూత ప్రపంచపు ఆత్మగౌరవం అడ్డొచ్చింది. ఏడే బిగించాడు.

ఆ అద్దాలు పెట్టుకోగానే నేల గిన్నెలా గుంట పడి కనిపిస్తోందని టీచరుగారు అన్నారు. కొత్త అద్దాలు కదండీ, అలవాటైపోతుందని, కళ్లద్దాల వ్యాపారం పుట్టినప్పటి నుంచీ చెబుతున్న మాటే చెప్పి మా బావమరిది పంపేశాడు. శిష్యుడి మాట మీద ఆవిడ అలవాటు చేసుకున్నారు. లేని మెట్టు ఎక్కి, ఉన్న మెట్టు వదిలేసి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు.

కట్టుతో టీచరుగారు దుకాణానికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆవిడ ఏ తలుపులోంచీ లోపలికి వెళ్లలేదు. అడ్డుగోడ ముందు అంచు దగ్గర, ఇద్దరికీ కనపడేలా గడపలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కోప్పడలేదు. చీటీ తీసి, ఇందులో ఏముందో గట్టిగా చదవమని మా బావకు చెప్పారు.

"ఎడమ కన్ను ఒకటి," అన్నాడు మా బావ చెక్కవైపు చూసి.

"ఇది ఒకటని అవతలివాళ్లకి ఎలా తెలుస్తుందో అడగండి టీచర్," అన్నాడు మా బావమరిది అవతల నుంచి. "ఒకటికి టోపీ ఎందుకంట?"

"నేనే నేర్పాను నాన్నా, ఆ టోపీ," అన్నారు టీచరుగారు. "నీకూ నేర్పాను. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని దిద్దారు. ఇప్పుడు నువ్వొకటి దిద్ది చూపించు, చూద్దాం."

మా బావమరిది దిద్దలేదు. కొత్త అద్దం తీసి, ఒకటికే సానబట్టి, ఫ్రేములో బిగించి, తన చేత్తోనే ఆవిడ కళ్లకు పెట్టాడు. నేల ఇప్పుడెలా ఉందన్నట్టు కిందికి చూపించాడు. బాగానే ఉందన్నారు ఆవిడ. ఆవిడ వెళ్లిపోయాక మా బావ అడ్డుగోడ అంచుదాకా వచ్చి, దగ్గాడు.

"టీచరుగారి చెయ్యి ఎప్పటికి నయమవుతుందట?"

"టైం పడుతుందట."

"పాపం."

"ఊఁ."

ఇంకొకళ్లయితే ఇంతటితో కలిసిపోయేవాళ్లు. మా దురదృష్టం, ఆ సాయంత్రమే సినిమా ట్రైలర్ విడుదలైంది. అందులో ఇనపబ్బాయి అద్దంలోకి చూస్తాడు, అతని కళ్లు ఎర్రగా వెలుగుతాయి. పిన్ని పట్టేసిందని దెయ్యాల విభాగం వీధిలో ఊరేగింది. ఎర్ర దీపం వెలిగితే ఛార్జింగ్ అయిపోయిందని అర్థమని సైన్స్ విభాగం కరపత్రాలు పంచింది. టీచరుగారి మణికట్టు కార్యక్రమాల జాబితాలోంచి తప్పుకుంది.

విడుదల రోజు మధ్యాహ్నం ఆటకు సమాఖ్య యావత్తూ హాలుకు వెళ్లింది. ఎడమవైపు మా బావ మనుషులు వెండికాగితం టోపీలతో, కుడివైపు మా బావమరిది మనుషులు ముఖాలకు పౌడరు దట్టించుకుని కూర్చున్నారు. హాస్య విభాగానికి తెర ముందు వరస దక్కింది.

సినిమా విషయానికి వస్తే, పిన్ని ఉన్న నిలువుటద్దాన్ని ఇనపబ్బాయి ఇంటికి చేర్చే బాధ్యత పోస్ట్‌మాన్‌ది. అతను దాన్ని వీపుకు కట్టుకుని, తప్పుడు చిరునామాలన్నీ తిరుగుతాడు. సినిమా అంతా అదే. ఇనపబ్బాయి ఇంట్లో కూర్చుని గుమ్మం వైపు చూస్తుంటాడు. అద్దం లోపల కుదుపులకు పిన్నికి వాంతులు పట్టుకుంటాయి. ఆఖరికి అద్దం ఇల్లు చేరుతుంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఇనపబ్బాయి అద్దం ముందు నిలబడి, వేలితో రాసి చూసి, "దుమ్ము పట్టింది," అంటాడు. గుడ్డతో తుడిచేస్తాడు. తుడవగానే లోపల పిన్ని కనపడదు. రెండో భాగంలో కలుద్దామని తెర మీద అక్షరాలు పడ్డాయి.

నేను పగలబడి నవ్వాను. ఇది నా వృత్తిధర్మం. నవ్వు సగంలో ఉండగా హాల్లో ఇంకెవరూ నవ్వడం లేదని తెలిసి వెనక్కి తిరిగాను. కుర్చీల మధ్య దారిలో మా బావ, మా బావమరిది పక్కపక్కన నిలబడి నన్నే చూస్తున్నారు.

"ఒరేయ్, మన పిన్నిని ఏం చేశారో చూశావా," అన్నాడు మా బావ.

"నీ ఇనపబ్బాయిని మాత్రం వదిలారా అన్నయ్యా, గుమ్మం దగ్గర కాపలా పెట్టారు," అన్నాడు తమ్ముడు. అతని పౌడరు మీద రెండు చారలు పడ్డాయి. మా బావ కళ్లు కూడా చెమర్చాయి. తండ్రి పోయినప్పుడు రాని నీళ్లు అద్దం మీది దుమ్ముకు వచ్చాయి. లోపల తీగలు కావని రుజువైంది.

నేను మనస్ఫూర్తిగా సంతోషించి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేయబోయాను. ఇద్దరూ ఒకేసారి భుజాలు విదిల్చుకున్నారు.

మర్నాడు అడ్డుగోడ తీసేశారు. ఆ వారమే సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మా బావ చారిత్రాత్మకమైన ప్రసంగం చేశాడు. "మన మధ్య చిచ్చు పెట్టింది భూతం కాదు, యంత్రం కాదు. ప్రతి గంభీరమైన విషయాన్నీ వెకిలి చేసే శక్తులు. ఆ శక్తులు ఇన్నాళ్లూ మన చాప మీదే కూర్చున్నాయి." మా బావమరిది, పద్ధతి పక్కనపెట్టి, లేచి నిలబడి బలపరిచాడు. హాస్య విభాగాన్ని ఏకగ్రీవంగా బహిష్కరించారు. చాప కూడా జప్తు చేశారు. ఐక్యత వెల్లివిరిసింది. చూస్తుంటే కళ్లకు పండగలా ఉంది.

ఇంటికి వచ్చి నా భార్యతో మొరపెట్టుకున్నాను. ఆ సినిమా నేను తీశానా అని అడిగాను. ఆవిడ చెప్పేది నిదానంగా చెప్పింది.

"మా అన్నదమ్ములు ఇన్నాళ్లకి ఒక్క కంచం దగ్గర కూర్చున్నారండీ. మీరు కాస్త ఓర్చుకోకూడదూ? కొన్నాళ్లు అటువైపు రాకండి. మీరు కనిపిస్తే మంచిదే, ఇంకా దగ్గరవుతారు. కానీ మీకే బావుండదు."

ఆవిడ మాటలో న్యాయం ఉంది. కుటుంబాలు, సంఘాలు, అంతకంటే పెద్దవి కూడా ఈ సూత్రం మీదే నిలబడుతున్నాయని పెద్దలు చాలా ప్రసంగాల్లో చెప్పకుండా చెప్పారు.

బహిష్కృతులమైన మేము ప్రస్తుతం నీటి సరఫరా కార్యాలయం సైకిళ్ల షెడ్డులో సమావేశమవుతున్నాం. మొదటి సమావేశంలోనే చీలిపోయాం. కాలు జారి పడటం హాస్యమా, జారాక అనే మాట హాస్యమా అన్న ప్రశ్న వచ్చింది. పడేవాళ్లు ఒకవైపు, మాట్లాడేవాళ్లు ఒకవైపు అయ్యారు. అడ్డుగోడ కట్టడానికి షెడ్డులో చోటు లేక సైకిళ్లు అడ్డం పెట్టుకున్నాం.

ఈ పరిస్థితి కొనసాగడం మంచిది కాదని, పై అనుభవం దృష్ట్యా మాకూ ఐక్యత అవసరమని, అందుకు అందరం కలిసి ద్వేషించదగిన వర్గాన్ని వెంటనే గుర్తించాలని నేను తీర్మానం ప్రవేశపెట్టాను. ఇరుపక్షాలూ హర్షధ్వానాలతో ఆమోదించాయి. అన్వేషణ మొదలైంది. ఇది చదువుతున్న మీలో కొందరు మొదటి నుంచి ఇక్కడిదాకా ఒక్కసారి కూడా నవ్వలేదని మా దృష్టికి వచ్చింది.