పంచకోణ దుర్గభేదనం, అనగా చరిత గుమ్మడికాడ కోసిన విధం

స్వస్తి. మాఘమాసపు ఒకానొక మంగళవారమున, సూర్యభగవానుడు తాటిచెట్ల తలలపై తన తొలి కిరణసేనలను మోహరించుచున్న వేళ, బొబ్బిలికి నాలుగు మైళ్ల దూరమున, వేగావతి ఏటి గాలి సోకీ సోకని ఒక పల్లెలో, పెంకుటింటి వెనుక వసారాలో, జ్ఞానాంబ అను వృద్ధ వీరమాత కత్తిపీటను కుడికాలితో తొక్కిపట్టి అరటికాయలను చక్రాలుగా తరుగుచుండెను. ఆ కత్తిపీట సామాన్యమైనది కాదు. ముప్పై ఐదేళ్లుగా ఆ ఇంటికి వచ్చిన ఆనపకాయల, వంకాయల, కందదుంపల పాలిటి కాలమృత్యువు. దాని వంపు మీదికి కాయ అలా వచ్చి ఇలా జారితే చాలు, చక్రమొకటి పళ్లెములో పడెడిది. పడిన చక్రము గుండా పళ్లెము అడుగున ఉన్న నీలిపువ్వు కనబడెడిది.

అదే వసారా రెండవ కొసన, ఆమె మనుమరాలు, ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సర బైపీసీ విద్యార్థిని, రోజుకు ఇరవై మాటలు మించని మితభాషిణి చరిత, మోకాళ్ల మీద కూర్చుని, కుడిచేత సగం విరిచిన గడ్డం బ్లేడును, ఎడమచేత జానెడు గుమ్మడికాడను ధరించి, శత్రువు కళ్లలోకి చూచుచున్న యోధవలె ఆ కాడ కొసను చూచుచుండెను.

శత్రుదుర్గము ఎట్టిదనగా: వెలుపల బాహ్యచర్మమను ప్రాకారము, ఆ ప్రాకారముపై ఈటెలు నిక్కించి నిలిచిన నూగు భటులు, లోపల ఐదు మూలల ఐదు బురుజులై స్థూలకోణ కణజాలము, దాని వెనుక ఒకరి భుజమొకరు పట్టి వలయముగా నిలిచిన దృఢకణజాల యోధులు, వారి రక్షణలో వెలుపలి వరుస ఐదుగురు, లోపలి వరుస ఐదుగురు, వెరసి పదిమంది సామంతులైన నాళికాపుంజములు, ఒక్కొక్క సామంతుని నట్టనడుమ వేరు నుండి ఆకుకు నీరు మోసెడి దారునాళములు, వాటికి అటొకరు ఇటొకరు కావలిగా ఆకు వండిన అన్నము మోసెడి పోషక కణజాలములు, నగర మధ్యమున ఏమియు లేని మైదానము. ఆ నగరమున ప్రతి ఇల్లును ఒక కణము. దాని గోడ కణకవచము. ఇల్లంతా ఆక్రమించిన నీటికుంట రిక్తిక. ఆ కుంట తాకిడికి ఒక మూలకు ఒరిగి కూర్చుని అయినను పెత్తనము విడువని ఇంటిపెద్ద కేంద్రకము. ఎండను పట్టి తెచ్చి వంట చేసెడి పచ్చచీరల కోడళ్లు హరితరేణువులు.

ఇట్టి నగరమును, గోడలు తెగవలెను గాని కూలరాదు, ప్రజలు కనబడవలెను గాని నలగరాదు అను నియమముతో, ఈ చివర నుండి ఆ చివర దాకా ఒకే మందమున, గుండ్రముగా, ఒక పొరగా కోసి తీయుట చరిత ముందున్న కార్యము.

అది ఆమెకు ఇంతవరకు ఒక్కనాడును సాధ్యము కాలేదు. పోయిన శుక్రవారము కాలేజీ ప్రయోగశాలలో ఆమె కోసిన ముక్క మీద పెట్టిన పల్చని అద్దపు మూత, ముక్క ఒకపక్క దిబ్బగా ఉండుటచే, ఉయ్యాలబల్ల వలె అటూ ఇటూ ఊగెను. పక్క బల్ల దగ్గరి కామేష్ తొంగిచూసి, "ఇది సెక్షన్ కాదు, కూర్సునే పీట," అనెను. ప్రయోగశాల నవ్వెను. భారతి మేడం నవ్వలేదు. అదియే ఎక్కువ బాధ. "కోత కింద పేపరు పెడితే అక్షరం కనిపించాలమ్మా. అప్పుడే అది కోత," అని మాత్రము చెప్పెను.

నేడు పది గంటలకు పరీక్ష. ఎనిమిదిన్నరకు బస్సు. ఏడు గంటల వేళ చరిత తన హృదయమను సభామండపమున లేచి నిలిచి ఇట్లు శపథము చేసెను: "ఓ పంచకోణ దుర్గమా, వినుము. బస్సు కూత వినబడులోగా నీ నుండి అక్షరము కనబడు కోతనొక్కదానిని తీయనిచో, నేను ఆ బస్సు ఎక్కను, ఆ బల్ల ముందు నిలువను, వృక్షశాస్త్రము పేరు మరి ఎత్తను. ఇది నా ప్రతిజ్ఞ."

"ఏటే గుంటా, నీలో నువ్వే ఏటో గొణుక్కుంతన్నావు?" అనెను జ్ఞానాంబ.

"ఏమీ లేదు మామ్మా," అనెను చరిత. ఆ దినమునకు మూడు మాటలు అయినవి.

యుద్ధము ఆరంభమయ్యెను. మొదటి కోత అప్పచ్చి వలె మందముగా వచ్చెను. రెండవది అర్ధచంద్రాకారమై మిగిలిన సగమును దుర్గముననే వదలివచ్చెను. మూడవ దాడిలో నగర మధ్య మైదానము నలిగి, పదిమంది సామంతులును ఒకరిపై నొకరు పడి ముద్దయైరి. నాల్గవది బ్లేడు నుండి ఎగిరి, ఆకాశమార్గమున పయనించి, వీరమాత పళ్లెములో అరటిచక్రముల నడుమ వాలెను.

"ఇదేటి, అరటికాయలోకి గుమ్మడికాడ ఎక్కడినుంచి వచ్చినాది," అని జ్ఞానాంబ దానిని వేళ్లతో ఎత్తి, వెలుతురుకు పట్టి చూచి, పెరటిలోకి విసిరెను. అటుపిమ్మట ఆమె చూపు పెరటి గుమ్మడి పందిరి మీదికి పోయెను. పోయిన చూపు అక్కడే నిలిచెను.

"సూసేవా. మల్లీ రెండు మూరలు తగ్గిపోనాది. మొన్న సివర మేసింది. నిన్న మజ్జన మేసింది. పిందె పక్క కొమ్మకూడా వదల్నేదు. ఆ బుల్లమ్మ మేకే ఇది. నాలుగు రోజుల్నుంచి సెప్తన్నాను, ఈ పొద్దు తేల్సెస్తాను."

చరిత చేతిలోని కాడను వీపు వెనుకకు దాచెను. ఏలయన, నాలుగు దినములుగా ఆ తీగను జానెడు జానెడుగా మేసిన మేక ఆమెయే. పొరుగింటి బుల్లమ్మ మేక ఆ పందిరి ఛాయలకైనను రాని సాధుజంతువు. అయినను దానికి నాలుగు దినములుగా పడిన తిట్లు ఒక మందకు సరిపోవును. బుల్లమ్మ కూడా గోడ అవతల నుండి మాటలు మాని, బావి దగ్గర మొహము తిప్పుకొనుచున్నది.

ఈ సంక్షోభ సమయమున పెరటి పాక నుండి, మొలకు పనసచెక్క పొట్టుతో నిండిన తువ్వాలు చుట్టి, వీణల తయారీలో యాభై ఏళ్లు కరిగించిన చరిత తాత అప్పలనరసింహము ప్రవేశించెను. ఒకే పనసదుంగను తొలిచి కుండను, దండిని విడదీయక వీణ చేయువాడు. తొలిచిన గోడ ఎంత పల్చనైనదో గోటితో మీటి చెవితో కొలుచువాడు. ఆయన పందిరి దగ్గర ఆగి, తెగిన తీగ కొసను పట్టి చూచెను.

"మేక మేస్తే ఇలాగ ఏటవాలుగా, నున్నగా తెగుతాదేటే?"

"మరేటి?"

"సదువుకున్న మేకేమో," అని ఆయన మనుమరాలి వైపు ఒక చూపు విసిరి, గడప మీద కూర్చుండెను.

చరిత చెవులు ఎఱ్ఱబడెను. ఐదవ కోత నలిగెను. ఆరవది చిరిగెను. గోడ గడియారము ఎనిమిది కొట్టెను. కాడ బెత్తెడు మిగిలెను. పందిరి మీదికి ఇంకొకసారి చేయి చాచుటకు ఆమెకు మనసు రాలేదు. ఆమె బ్లేడును నేల మీద ఉంచెను.

యోధులు ఓడినపుడు ఏడ్చెదరు, పారిపోయెదరు, దైవమును నిందించెదరు. చరిత చూచుచు కూర్చుండెను. చూచుట ఒక్కటే ఆమెకు బాగుగా వచ్చిన విద్య. చూచి చూచి, ఎదురుగా నున్న కత్తిపీటను చూచెను. మామ్మ చేతిలో కాయ ముందుకు పోవుచున్నది. కత్తి కదలుట లేదు. కాయ ఏటవాలుగా జారుచున్నది. కత్తి కదలుట లేదు. చక్రము పడుచున్నది, నీలిపువ్వు కనబడుచున్నది. కత్తి ముప్పై ఐదేళ్లుగా కదలలేదు.

అపుడు ఆమెకు తన తప్పు తెలిసెను. ఆరేళ్ల వయసు నుండి కత్తిపీట ముందు పెరిగిన చేయి ఆమె ఎడమచేయి. కూరగాయను కత్తి దగ్గరికి తోయుట దాని రక్తములో నున్నది. కాలేజీలో నేర్పినది కుడిచేతికి: కాడను కదపక బ్లేడును లాగవలెనని. కుడిచేయి బ్లేడును లాగుచుండగా, ఎడమచేయి తెలియకయే కాడను దానికి ఎదురు తోయుచున్నది. ఒకే సైన్యము రెండు దిక్కుల నుండి వచ్చి తనను తాను ఢీకొట్టుకొనుచుండగా నడుమ నలిగినది దుర్గము.

ఆమె కుడిచేతిని మోకాలికి ఆనించి, బ్లేడు అంచును తన వైపు తిప్పి, దానికి కత్తిపీట పదవినిచ్చెను. ఇక కదలకు అని మనసులో ఆజ్ఞాపించెను.

"తడి పెట్టు," అనెను అప్పలనరసింహము గడప మీద నుండి, ఎటో చూచుచు. "పొడి పదును పీకుతాది. తడి పదును జారుతాది."

ఆమె బ్లేడును, కాడను నీట ముంచెను. ఊపిరి బిగించెను. ఎడమచేయి తనకు చిన్ననాట వచ్చిన విద్యను స్మరించి, కాడను ఏటవాలుగా ఒకే ఒక్క జారుతో ముందుకు పంపెను.

శబ్దము లేదు. బ్లేడు మీద నీటిబొట్టులో ఏదో ఒకటి ఉన్నట్లు, లేనట్లు తేలుచుండెను.

ఆమె దానిని కుంచెతో ఎత్తి, రంగు పట్టుటకు సాసరులోని ఎఱ్ఱనీటిలో ఒక నిమిషము ముంచి, మంచినీట కడిగి, గాజుపలక మీద పరచి, ఆ పలకను నిన్నటి పేపరు మీద ఉంచెను. ఐదు మూలల నక్షత్రము. ఎక్కడను చిరుగు లేదు. దాని కింద, ఒక ఎరువుల ప్రకటనలోని 'ఉచితం' అను మాట, ఉకారము నుండి సున్న దాకా, స్పష్టముగా వెలుగుచుండెను.

ముసలి శిల్పి పంచాంగము చదువుకొను భూతద్దము తెచ్చి వంగి చూచెను. చాలాసేపు చూచెను.

"ఈ ఎర్రగా, సన్నకన్నాల్లాగ ఉన్నవేటి?"

"దారునాళాలు తాతా. నీళ్లు ఎక్కే గొట్టాలు. పనసలోనూ ఉంటాయి."

"ఆ కన్నాలు ఇయ్యేనా," అనెను అప్పలనరసింహము. "యాభై ఏళ్లు సెక్కేను. సెట్టు నీళ్లు తాగిన గొట్టాలని ఎవులూ సెప్పనేదు." ఆయన గోరు అలవాటుగా ఆ పలక అంచును మీటెను. పలక చిన్నగా మ్రోగెను. "బాగున్నాది. మందం ఒక్కలాగున్నాది."

లోకులారా, వినుడు. పదిమంది సామంతులతో, ఐదు బురుజులతో, లెక్కకందని కోడళ్లతో విలసిల్లు గుమ్మడికాడ దుర్గము, మంగళవారము ఉదయము ఎనిమిది గంటల పద్దెనిమిది నిమిషములకు, గోడ కూలకుండ, ప్రజ నలగకుండ, అరచేతి రేఖంత పలుచని విజయముగా చరిత చేజిక్కినది. దుందుభులు మ్రోగలేదు. పక్కింట మేక అరచినది.

ఆ అరుపు విని జ్ఞానాంబ తల ఎత్తెను. ఆమె చూపు మొదట సాసరులోని ఎఱ్ఱనీటి మీద పడెను.

"అది నా పారాణి."

"ఊ."

తరువాత నేల మీద గుట్టపడిన ఐదు కోతల మీద, వసారా మూల చాటున దాచిన, ఆకులు వాడిన, నాలుగు దినముల తీగముక్కల మీద పడెను.

"మేక కాదేటి?"

"నేనే మామ్మా. అన్ని రోజులూ నేనే."

దూరమున బస్సు కూసెను. చరిత గాజుపలకను తుడిచి, బ్లేడును కాగితములో చుట్టి సంచిలో పెట్టి, చెప్పులు తొడిగి, మామ్మ ఏమనునో అని గుమ్మములో నిలిచెను.

జ్ఞానాంబ కత్తిపీటను పక్కకు వాల్చెను. మోకాళ్లు పట్టుకొని లేచెను. చాటులోని తీగముక్కలను, ఆకులను, అరటితొక్కలను కూడా పోగుచేసి ఒడిలో వేసుకొనెను. మనుమరాలి పక్క నుండియే గడప దాటి, తలవంచుకొని, బుల్లమ్మ మేక కట్టిన గుంజ వైపు నడిచిపోయెను.