పది గంటలకి పెద్ద రైడ్

శనివారం నాటికి సీతారామారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొట్టు తియ్యాలి. తొమ్మిదిన్నరకి ఇస్త్రీ చొక్కా మార్చుకోవాలి. పది గంటలకి హైదరాబాదు నుంచి వచ్చే ఫోను ఎత్తి పావుగంట మర్యాదగా మాట్లాడాలి. భార్య కమలాదేవి టిఫిను క్యారేజీ పట్టుకొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కందిపప్పు తూస్తూ కూర్చోవాలి. ఇందులో తేడా రావడానికి ఎక్కడా సందు లేదని అతని నమ్మకం.

గజపతినగరం పాత బజారులో అతనిది కిరాణా కొట్టు. వయసు నలభై ఏడు. ఆరేళ్ళ కిందట వర్తక సంఘం వాళ్ళు బస్సు కట్టించి తీసుకెళ్ళినప్పుడు హైదరాబాదు శివార్లలో ఆనందలోకం అనే పార్కు చూశాడు. మనిషి తిరిగొచ్చాడు గాని మనసు రాలేదు. తర్వాత ఏదో ఒక వంకతో ఇంకో మూడుసార్లు వెళ్ళొచ్చాడు. రాష్ట్రం విడిపోయినప్పుడు బజారంతా రాజధాని పోయిందని బాధపడితే, ఇతను పార్కు పోయిందని బాధపడ్డాడు.

అలాగని అక్కడ ఏవో ఎక్కి తిరిగాడనుకుంటే పొరపాటే. ఎత్తంటే అతనికి కళ్ళు తిరుగుతాయి. అటక మీది చింతపండు బుట్ట కూడా పక్కవాళ్ళ చేత దింపించుకుంటాడు. నాలుగుసార్లూ అతను చేసిందల్లా పెద్ద చక్రం కింద నిలబడి, పచ్చ మీట నొక్కే మనిషిని చూడటం. ఆ మనిషికి నీలం టోపీ, మెడలో ఈల. వేలు కదిపితే అరవై మంది పైకి వెళ్ళేవారు. మళ్ళీ కదిపితే దిగేవారు. ఇరవై రెండేళ్ళుగా పప్పులు తూస్తున్నవాడికి అంతకంటే గొప్ప ఉద్యోగం కనిపించలేదు. పార్కు గోడ పక్కన ఒక గది, కిటికీలోంచి కనిపించే చక్రం, మెడలో ఈల. అతని కోరిక ఇంతే.

పది రోజుల కిందట పేపర్లో ప్రకటన పడింది. రైడ్ ఆపరేటర్లు కావలెను, యాభై ఏళ్ళ లోపు, దంపతులకు క్వార్టరు ఇవ్వబడును. బ్లేడుతో జాగ్రత్తగా కోసి దాచుకుని, దరఖాస్తు పంపాడు. కమలాదేవికి చెప్పలేదు. ఉద్యోగం వస్తే కాగితం చూపించి చెప్పవచ్చు, రాకపోతే చెప్పవలసిన పనే ఉండదు.

ఎనిమిదీ పదికి, అనుకోకుండా ఫోను మోగింది. ఆ కొట్లో సిగ్నలు ఉండదు. బావమరిది విజయ్‌కుమార్ ఇనప సామాన్ల కొట్టు వైపు, అరుగు చివర మూరెడు మేర మాత్రం ఉంటుంది. అందుకని ఫోను ఎప్పుడూ అక్కడే పడి ఉంటుంది. సీతారామారావు పరుగున వచ్చి ఎత్తాడు. పది గంటలకి సిద్ధంగా ఉండమని చెప్పడానికి చేశారట. ఊరుకోవచ్చు కదా, అతను ఊరుకోలేదు.

"రైడంటే నాకు కొత్త కాదండి, నాలుగుసార్లు దగ్గరుండి సూసినాను. చిన్న రైడ్లు నాకొద్దండి. పెద్దదే ఇప్పించండి. అరవై మందిని ఒకేసారి ఎక్కించి తలుపులు బిగించీడమే కదండి. మజ్జిలో దిగిపోతామని ఏడ్చినా నాను ఆపను. రూలంటే రూలే."

పక్క అరుగు మీద మేకులు తూస్తున్న విజయ్‌కుమార్ చెయ్యి ఆగిపోయింది. పాత బజారులో రైడ్ అన్న మాటకి ఒకటే అర్థం. జీపు దిగి వచ్చి కొట్లు తనిఖీ చేసే అధికారులు.

"బావా, రైడేటి?" అన్నాడు నెమ్మదిగా.

సీతారామారావు ఫోను చటుక్కున అరుగు మీద పెట్టేశాడు. "నువ్వినీసినావా?"

"ఇనీసినాను. ఎప్పుడు?"

"పది గంటలకి."

"పెద్దదేనా?"

"పెద్దదే. నానే కావాలని అడిగినాను."

విజయ్‌కుమార్ అతని వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వే అడిగినావా? అందరూ మనోలే కదా బావా."

"మనోలకేటి నష్టం? ఊరొదిలి ఎల్లిపోయీది నాను. ఒరే, మీ అక్కకి మాత్రం సెప్పకు, నీకు పుణ్యముంటాది."

విజయ్‌కుమార్ మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. అక్కకి తప్ప బజారంతటికీ చెప్పాడు.

వార్త నాలుగు కొట్లు దాటి గోవింద్ స్టీలు సామాన్ల కొట్టు చేరేసరికి రెండు జీపులు, అరవై మందిని ఎక్కించడానికి ఒక వ్యాను తయారయ్యాయి. ఏ శాఖ వాళ్ళో ఎవరూ అడగలేదు. ప్రతి కొట్లోనూ ముద్ర గడువు ఎప్పుడో దాటిపోయిన తూకం రాళ్ళు ఉన్నాయి కాబట్టి తూనికల శాఖే అని ఎవరికి వాళ్ళు తేల్చేసుకున్నారు.

"రాళ్ళెక్కడ దాస్తాం?" అన్నాడు గోవింద్.

ఆ రోజు సంత. భావనపాడు నుంచి గురమ్మ ఎండుచేపల తట్టలు దింపుకుని, బజారు మొదట్లో గోనె పరిచి, టీ తాగడానికి వెళ్ళింది. మామూలు రోజుల్లో ఆ వర్తకులు అటు వెళ్ళవలసి వస్తే ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుంటారు. అధికారులూ అంతే కదా, ఆ తట్టలో ఎవడు చెయ్యి పెడతాడన్నాడు విజయ్‌కుమార్. పదకొండు కొట్ల రాళ్ళు తట్టల్లోని నెత్తళ్ళ చేపల కిందికి వెళ్ళిపోయాయి. రాళ్ళు లేక అందరూ చేతి అంచనాతో సరుకు పోశారు. తక్కువైతే కేసవుతుందన్న భయం వల్ల ఆ గంటలో పాత బజారులో కిలో పంచదార పన్నెండు వందల గ్రాములు తూగింది.

ఇదేదీ తెలియని సీతారామారావు తొమ్మిదిన్నరకి వెనక గోదాములోకి వెళ్ళి చొక్కా మార్చుకుంటున్నాడు. బయట విజయ్‌కుమార్‌కి కొత్త ఆలోచన వచ్చింది. బావ కనిపించకపోతే సాక్షి లేడు. సాక్షి లేకపోతే కేసు లేదు. వెంటనే బావ కొట్టు షట్టరు కిందికి లాగి తాళం వేశాడు. మిగతావాళ్ళూ తమ తమ షట్టర్లు దింపేశారు. ఆ చప్పుడులో లోపల్నుంచి బాదుతున్న చప్పుడు ఎవరికీ వినబడలేదు. బాదీ బాదీ అలిసి అతను గోదాములో కూలబడ్డాడు. ఫోను అరుగు మీద ఉండిపోయింది.

కమలాదేవి క్యారేజీతో వచ్చేసరికి సంత రోజున బజారు మూసి ఉంది. అరుగు చివర మొగుడి ఫోను మోగుతోంది. ఆమె ఎత్తింది.

"సీతారామారావు గారేనా? ఆనందలోకం నుంచండీ. రైడ్ ఆపరేటర్ ఇంటర్వ్యూకి."

కమలాదేవి ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఆయన భార్యని. కొట్టుకి తాళమేసున్నాది. ఏటడగాలో నన్నడగండి."

అవతలి మనిషి కాస్త తటపటాయించి, మొదటి ప్రశ్న ఆమెనే అడిగాడు. "జనం ఒక్కసారిగా తోసుకొస్తే ఏం చేస్తారమ్మా?"

సరిగ్గా అప్పుడే బజారు మొదట్లో తెల్ల జీపు ఆగింది. అందులో ఉన్నది పశువుల డాక్టరు. రాయగడ వెళ్తూ నెత్తళ్ళు కనిపించి ఆగాడు. చేపలు బాగా ఎండాయో లేదో చూద్దామని తట్టలో చెయ్యి పెట్టి అయిదు కిలోల రాయి పైకి తీశాడు.

"ఓలమ్మ, నా తట్టలో ఈ రాళ్ళేటి?" అంది గురమ్మ, బజారంతా వినబడేలా.

షట్టర్ల సందుల్లోంచి చూస్తున్న వర్తకులకి ఆశ వదిలిపోయింది. జీపు దిగి నేరుగా తట్టలోనే చెయ్యి పెట్టాడంటే అన్నీ తెలిసే వచ్చాడు. ముందుగా ఒప్పుకున్నవాడికి శిక్ష తక్కువని ఎవరో అన్నారు. కమలాదేవి ఫోనులో ఉన్నది పై అధికారులే అనుకుని, వర్తకులూ గుమాస్తాలూ కలిసి ముప్పై మంది ఒక్కసారిగా సీతారామారావు అరుగు మీదికి దూకారు.

"ఆగండి," అంది కమలాదేవి, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండా. "ఒకల మీద ఒకలు పడకండి. వరసగా నిలబడండి. పెద్దోలు ముందు. గోవిందూ, ఆ సంచి కింద ఎట్టు, సెప్పులు అక్కడిప్పు. నాను సెయ్యెత్తినాకే ఒకలు రండి. ఒరే విజయ్, నువ్వు నా తమ్ముడివైతే ఏటి, ఎనక్కి పో."

ముప్పై మంది అరుగు దిగి, చెప్పులు విడిచి, వరసలో నిలబడ్డారు.

"అమ్మా, అక్కడ ఎంతమంది ఉన్నారు?" అన్నాడు ఫోనులో మనిషి.

"ముప్పై మందుంటారు."

"అందరూ మీ మాట విన్నారా?"

"ఇనక ఎక్కడికి పోతారు?"

అవతల కలం మూత తీసిన చప్పుడైంది. తర్వాత, "మీ వయసెంతమ్మా?" అని వినిపించింది.

పావుగంటకి, రైడంటే పార్కులో చక్రమని కమలాదేవి చెప్పాక, నిజం తేలింది. డాక్టరు రెండు కిలోల నెత్తళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయాడు. వాటిని తూయడానికి గురమ్మకి రాళ్ళ కొరత రాలేదు. విజయ్‌కుమార్ తల వంచుకుని తాళం తీశాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోగా సీతారామారావు బయటికి వచ్చి, మొదట ఫోను వైపు చూశాడు.

"వచ్చినాదా?" అన్నాడు.

"వచ్చినాది."

అతను అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు గాని దాగలేదు. "అయితే పోనాదన్నమాట. నీకు సెప్తే నవ్వుతావని సెప్పలేదు కమలా."

"మీరు సెప్పాలేటి? పేపర్లో కిటికీ కోసీసి, అదే పేపర్లో మెంతులు కట్టి ఇంటికి పంపినారు. పక్కింటోల పేపరడిగి ఏటి కోసినారో సదూకున్నాను. పదిరోజులు బట్టి ఎప్పుడు సెప్తారా అని సూస్తన్నాను." ఆమె క్యారేజీ విప్పి గిన్నె అతని ముందు పెట్టింది. "ఇరవై రెండేళ్ళు బట్టి ఈ బజారు తప్ప నాను సూసిందేటి? నన్నడిగుంటే ఆరేళ్ళ కిందటే బయలెల్లిపోదుం."

ఆ మాటకి సీతారామారావుకి దుఃఖం ఇంకా ఎక్కువైంది. "ఇప్పుడనుకుని ఏటి లాభం? ఉద్యోగం పోనాది."

"పోలేదు. ఒకటో తారీకున సేరమన్నారు. క్వార్టరు కిటికీలోంచి సక్రం కనిపిస్తాదా అని కూడా అడిగినాను. కనిపిస్తాదట."

అతను తువ్వాలు తీసి ఆమె మొహంలోకి చూశాడు. "నన్ను సూడకుండానే సేర్చుకున్నారా?"

"మిమ్మల్ని కాదు, నన్ను. మీకు పాసు ఉచితం. ఇడ్లీ తినండి, సల్లారిపోతన్నాయి."

కొట్టు విజయ్‌కుమార్‌కి అప్పగించి ఇద్దరూ రైలెక్కారు. చెప్పినట్టే క్వార్టరు పార్కు గోడ పక్కనే ఉంది. కిటికీలోంచి చక్రం కనిపిస్తోంది. నీలం టోపీ, ఈల కమలాదేవికి ఇచ్చారు. మొదటి ఆదివారం సీతారామారావు పాసు పట్టుకుని గంటసేపు వరసలో నిలబడి మీట దగ్గరికి చేరాడు.

"ఒక్కసారి నొక్కనీ కమలా."

"సిబ్బంది తప్ప ముట్టుకోకూడదు. ఎక్కుతారా, వరస ఒదుల్తారా? ఎనక జనమున్నారు."

ఆరేళ్ళ కోరిక. వెనక్కి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. కళ్ళు మూసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఆమె తలుపు బిగించి, చేత్తో గట్టిగా లాగి చూసి, పచ్చ మీట నొక్కింది. రెండో చుట్టులో, మొత్తం పార్కు కిందికి వెళ్ళిపోయినచోట, దిగిపోతానని అతను పెట్టిన కేక గోడ అవతలి క్వార్టర్ల దాకా వినిపించింది.

కమలాదేవి ఆపలేదు. రూలంటే రూలే.