పచ్చ టిక్కు దండయాత్ర

సకలానర్థహేతువు, ఉచితవస్తులోలుడు, సొంత బావమరిది అను ముసుగులో ఇల్లు చొచ్చిన శత్రువు నగు ఉచితాలరావు చేసిన ద్రోహమును ముందుగా వినుడు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు అని యజమానిని మురిపించి, లిఫ్టుల కంపెనీలో ఓపెన్‌సోర్సు పాఠాల సాఫ్ట్‌వేరు ప్రతిష్ఠించినవాడు వాడే. మొదటి భద్రతాపాఠము పక్కన పచ్చ టిక్కు పడనిదే గేటు కార్డు పనిచేయదనియు, మధ్యాహ్నపు సైరను దాటినచో కొత్త ఆసుపత్రి లిఫ్టు పని మరొక ముఠాకు పోవుననియు శాసనము వెలువడినది.

అట్టి ఘోరముహూర్తమున, ఎండ వంటింటి కిటికీ ఊచలనెక్కిన వేళ, ఆరో తరగతితోనే బడికి దండం పెట్టినవాడును, లిఫ్టుగోతుల చీకటిలో నిర్భయసంచారియు, ఉచితాలరావుకు బావయు నగు ఆ కంపెనీ పెద్దమేస్త్రీ, కూతురి లాప్‌టాప్ ఎదుట బాసింపట్టు వేసి కూర్చుండెను.

పాఠము చూచెను. మళ్ళీ చూచెను. టిక్కు పడలేదు. తెరమీది టోపీ మనిషి మాత్రము ప్రతిమారూ అదే ఘోషించుచుండెను: తన పని సరిగ్గా ఉన్నదని తానే సంతకము పెట్టరాదు, మరొకరు చూచి పెట్టవలెను. మేస్త్రీకి కొత్తా అది? బ్రేకు బిగించిన చేత్తోనే దాని కాగితముపై సంతకము గీకిన పాపమెరుగడు. కనుక పాఠము కింద 'పూర్తిచేశాను' అను మీట మినుకుమినుకుమనుచున్నను, ముట్టక, మరొకరెవరో వచ్చి నొక్కుదురని ధర్మబద్ధుడై వేచియుండెను.

ఎవ్వరూ రాలేదు. సైరను సమీపించెను. శత్రువుకే ఫోను చేయక తప్పలేదు.

"అది నువ్వే నొక్కాలి బావా," అన్నాడు ఉచితాలరావు.

"నేను విన్నానని నేనే చెప్పుకుంటే నమ్మేస్తుందా? మరి ఇంతసేపూ ఆ టోపీవాడు మొత్తుకుంటోంది దేనికిరా? మార్చు దాన్ని."

"ఎవరైనా మార్చుకోవచ్చు బావా. మార్చడం నాకు రాదంతే."

ఆ పలుకులకు మేస్త్రీ కోపాగ్నిజ్వాలలు ఎగయుచుండగా, బట్టలారేసి వచ్చిన ఆయన ఇల్లాలు తడిచేయి కొంగున తుడుచుకొనుచు, సేనానాయికవలె ప్రవేశించెను.

"పొద్దుట్నుంచి ఆ టోపీ ఆయన గొంతు విని విని నాకే కంఠతా వచ్చేసింది. మీరు విన్నారు, నేను చూశాను. జరగండి."

నొక్కినది.

దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురియలేదు. ఆవగింజంత పచ్చ టిక్కు పడినది. సైరను ఆ తరువాతనే మోగినది. గేటు తెరుచుకొనును, ఆసుపత్రి లిఫ్టు మేస్త్రీదే.

పన్నెండు పాఠములలో ఒకటి జయింపబడెను. ఆ మహాసంగ్రామమున మేస్త్రీ కోల్పోయినది సరిగ్గా ఒకపూట కూలి.